పురిటింటి నేల కుట్టిన రోజు

తక్ పిల్సు అంత పిరికివాణ్ణి మా లోయలో నేను ఇంకొకణ్ణి చూడలేదు. ఇది తిట్టు కాదు. తిట్టాలనుకుంటే నాకు ఇంతకంటే మంచి మాటలు వచ్చు.

బాయిలర్లు బాగుచేయడం అతని పని. జోంగ్సోన్ లోయలో, బొగ్గు గనుల చుట్టూ ఉన్న పల్లెల్లో, ఇళ్ళలో నేలనే వెచ్చబెట్టుకుని దానిమీద పడుకుంటాం; చలికాలం ఎవరింట్లో నేల చల్లబడినా కబురు అతనికే వెళ్ళేది. వచ్చేవాడు కానీ, ఆ రావడం ఒక తంతు. గుమ్మంలో నిలబడి ముందు వాసన చూసేవాడు. తర్వాత చెవి ఒగ్గి వినేవాడు. ఎప్పుడు ఆగింది, ఆగేముందు ఏం చప్పుడు చేసింది, ఆ వేళ వాన పడిందా, ఇంట్లో ఎవరైనా ఏదైనా కదిపారా అని పెళ్ళిచూపుల్లో అడిగినట్టు అడిగేవాడు. బాయిలర్ ముందు కూర్చున్నాక ఎడమచెయ్యి ప్యాంటు జేబులో పెట్టేసేవాడు. పని అయ్యేదాకా అది బయటికి రాదు. ఏ ఇనుప వస్తువునైనా మొదట కుడిచేతి వెనకవైపుతో, పెనం కాలిందో లేదో చూసినట్టు, తాకీ తాకనట్టు తాకేవాడు. దానికి ఏమీ కాకపోతేనే అరచెయ్యి వేసేవాడు.

అందుకే అతనికి 'హన్సోన్' అని పేరు పెట్టారు, ఒంటిచెయ్యి అని. మా మాటలో చెయ్యినీ సోన్ అంటాం, దిక్కు దిక్కునా తిరుగుతూ మనుషులకు కీడు చేసే గాలినీ సోన్ అంటాం. ఇల్లు మారాలన్నా, మన్ను తవ్వాలన్నా సోన్ లేని రోజు చూసుకోవాలి. "నీకేమయ్యా, ఏ రోజు పనిచేసినా సగం సోన్ లేని రోజే!" అని అతణ్ణి ఏడిపించేవాళ్ళు. అతను నవ్వేవాడు. జేబులోంచి చెయ్యి మాత్రం తీసేవాడు కాదు.

అతని పెళ్ళాం నాతో అనేది: "అక్కా, ఈ మనిషి పడుకునే ముందు రేడియో ప్లగ్ తీస్తాడు. తీశానా లేదా అని మళ్ళీ లేచి చూస్తాడు. ఆ తీసిన ప్లగ్గుని గోడవైపు చూడకుండా పక్కకి తిప్పి పెడతాడు. అది పాకుకుంటూ వెళ్ళి దూరుతుందేమో అని."

ఆ భయం ఎక్కడిదో ఒక్కసారే చెప్పాడు, మా ఆయనతో కలిసి బియ్యపు కల్లు మక్కొల్లి తాగుతున్నప్పుడు. కుర్రతనంలో గనిలో కరెంటు పని చేసేవాడు. పక్కనే పనిచేసే మన్బోక్ అనేవాడు తీగను రెండు చేతులతో పట్టుకున్నాడు. "షాక్ కొడితే వదిలేస్తాం అనుకుంటారు అన్నా," అన్నాడు మా ఆయనతో. "వదలనివ్వదు. చెయ్యిని ముడిచేస్తుంది. వాడు నన్ను చూస్తూనే ఉన్నాడు. వేళ్ళు వాడి మాట వినలేదు." వెనకచేత్తో తాకితే ముడుచుకునే చెయ్యి దానంతటదే దూరం పోతుందట. రెండోచెయ్యి దేనికీ ఆనకపోతే కరెంటు గుండె మీదుగా దారి పట్టదట. అంత చెప్పి గిన్నె బోర్లించాడు. మళ్ళీ ఎప్పుడూ మన్బోక్ పేరు ఎత్తలేదు.

మా ఆయన పోయింది నేల వల్ల. అప్పట్లో అందరిలాగే మేమూ నేలకింద బొగ్గుబిళ్ళలు కాల్చి వెచ్చబెట్టుకునేవాళ్ళం. నేలలో కంటికి ఆనని పగులు పడి, బొగ్గుగాలి గదిలోకి ఎక్కింది. తెల్లవారి నాకు తల పగిలిపోతూ మెలకువ వచ్చింది. ఆయనకు రాలేదు. పిల్సు పరుగెత్తుకొచ్చి, ఆయన్ని వీపున వేసుకుని వాకిట్లోకి మోసి, ముల్లంగి ఊరవేసిన నీళ్ళు నోట్లో పోశాడు. బొగ్గుగాలికి మాకు తెలిసిన మందు అదే. ఆ నీళ్ళు పెదవుల పక్కనుంచి కారిపోయాయి.

ఆ తర్వాత కూడా అదే నేలమీద పడుకున్నాను. ఎక్కడికి పోతాను? కూతురు మ్యోంగోక్ కడుపుతో ఉందని తెలిసిన ఏడు, ఆకులు రాలే రోజుల్లో, బొగ్గుపొయ్యి పీకించి నూనె బాయిలర్ పెట్టించాను. పిల్సే నేల తవ్వి రాగిగొట్టాలు పరిచాడు. ఇంటి వెనక రేకుల కొట్టులో బాయిలర్. అది నీళ్ళు కాస్తుంది, పంపు ఆ నీళ్ళను నేలకింద తిప్పుతుంది. గదిలోకి పొగ రాదు, బొగ్గుగాలి రాదు. ఇక ఈ నేల ఎవరినీ చంపదు అనుకున్నాను.

చలి బాగా ముదిరాక, నదిమీద మంచు ఎడ్లబండిని మోసే రోజుల్లో, మ్యోంగోక్ మా ఇంట్లోనే ఆడపిల్లను కన్నది. ఎడమపురితో గడ్డితాడు నేనే పేని, బొగ్గుముక్కలూ దేవదారు రెమ్మలూ గుచ్చి వాకిలికి అడ్డంగా కట్టాను. ఆ తాడు ఉన్నన్నాళ్ళూ బయటివాళ్ళు గడప తొక్కకూడదు. చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళయితే ఆ దరిదాపులకే రాకూడదు. మా అల్లుడు ప్యో పిల్ల మొహం చూసుకుని, రెండు రోజులు ఇల్లంతా సర్ది, బస్సు నడపాలని వోంజు వెళ్ళిపోయాడు. మంచివాడే. ఊరికే కూర్చోలేకపోవడం ఒక్కటే అతని జబ్బు.

అల్లుడు వెళ్ళిన మర్నాడు, నేను బాలింతకు పెట్టే సముద్రపునాచు పులుసు తీసుకెళ్తే, మ్యోంగోక్ కాళ్ళు పరుపు మీదికి లాక్కుని కూర్చుని ఉంది.

"అమ్మా, నేలమీద చీమలున్నాయా?"

"నది గడ్డకట్టిన చలిలో చీమలా? నీ తెలివి పులుసులో కలిసిపోయిందా?"

"కాలు పెడితే కుడుతోందమ్మా. కాసేపు కుడుతుంది, కాసేపు ఊరుకుంటుంది."

పచ్చి బాలింత, నరాలు నీరసించాయి అనుకుని మేజోళ్ళు విప్పి నేనే అడుగు వేశాను. నూనెకాగితం అంటించిన ఆ నేలలోంచి సన్నగా, చెదలు ఎక్కుతున్నట్టు, పాదాల్లోకి ఏదో పాకింది. కాలు తీస్తే పోయింది. పెడితే వచ్చింది. పడుకున్న పిల్లను చూశాను. గుప్పిళ్ళు బిగించి నిద్రపోతోంది. దాని కింద ఉన్నది రెండు పొరల పరుపు, ఆ కింద ఇదే నేల.

కూతురికి ఏమీ చెప్పలేదు. పిల్లకు స్నానం చేయించి, తర్వాత ఆలోచిద్దామని వంటింట్లోకి వెళ్ళి, అల్యూమినియం బేసిన్ తడి సిమెంటు మీద పెట్టి, కుళాయి మీద చెయ్యి వేశాను. తడిచెయ్యి. కాళ్ళకు చెప్పులు లేవు.

గొడ్డలి మడమతో మోచేతి మీద కొట్టినట్టయింది. బేసిన్ ఎగిరి పడింది. నేను గోడకు జారిపడి కూర్చున్నాను. నోట మాట రాలేదు. నా నోట!

"అమ్మా, ఏం పడింది?" గదిలోంచి మ్యోంగోక్.

"బేసిన్."

"నేను రానా?"

"రాకు!" అని అరిచాను. "పరుపు దిగావంటే కాళ్ళు విరగ్గొడతాను!"

అది ఏడుపు మొహం పెట్టిందని గోడ ఇవతలినుంచే తెలిసింది. పెట్టనీ. నాకు కళ్ళముందు ఒకటే కనిపిస్తోంది: ఒక చేతిలో తడి పిల్ల, ఇంకో చెయ్యి ఆ కుళాయి మీద.

నేను వాకిట్లోకి వచ్చి ఊపిరి పీలుస్తుంటే పక్కింటి ముసలమ్మ రాతిగోడ మీదుగా తల పెట్టింది. యోంగ్వోల్ నుంచి కాపురానికి వచ్చిన మనిషి. ఆ ఊరిపేరే ఆమె పేరైపోయింది. వినకుండా ఉండలేదు, విన్నాక ఊరుకోలేదు. చెప్పాను.

"దోంగ్టి," అంది వెంటనే. వేళకాని వేళ మన్ను తవ్వినా, చెట్టు నరికినా, మేకు కొట్టినా ఆ చోటి దేవతలు పట్టే పగ అది. "సోన్ ఉన్న రోజున నేల తవ్వించావు. నేను అప్పుడే చెప్పాను."

"చెప్పావు. నువ్వు చెప్పనిదేముంది, సూర్యుడు కూడా నిన్ను అడిగే లేస్తాడు."

"ఎగతాళి చెయ్యి. పిల్ల మీదికొస్తే తెలుస్తుంది. మేకేమన్నా కొట్టారా ఇంట్లో?"

"పురిటింట్లో మేకు కొట్టడానికి నాకేమన్నా పిచ్చా?"

"అయితే నేల తవ్వినదే. భూతవైద్యురాల్ని పిలిపించు, ఎర్రకందుల అన్నం పెట్టించు."

నోటికి ఎన్ని అన్నా, ఆ మాట నన్ను వదల్లేదు. మొగుణ్ణి తీసుకున్న నేల ఇది. ఇంకా ఆకలి తీరలేదేమో.

"పెడతానులే. ముందు వెళ్ళి పిల్సుని పిలుచుకురా," అన్నాను.

"హన్సోన్ చావింట్లో ఉన్నాడే! పొద్దున్నే పాడె మోశాడు."

"మోయడం అయింది కదా. రమ్మను."

పిల్సు వచ్చాడు. చావింట్లో చేతికి కట్టిన జనపనార గుడ్డ ఇంకా అలాగే ఉంది. గడ్డితాడు చూడగానే నిప్పు తొక్కినవాడిలా వెనక్కి గెంతి, వీధి అవతలి పక్కన నిలబడ్డాడు.

"వదినా, నేను రాకూడదు. నా ఒంటిమీద మైలుంది."

"లోపలికి రమ్మన్నానా? అక్కణ్ణించే చెప్పు."

జరిగింది అరిచి చెప్పాను. ఒక్కొక్క మాటకూ అతని మొహం పాలిపోయింది. చీమల మాట దగ్గర ఒకసారి, కుళాయి మాట దగ్గర ఇంకోసారి.

"తల్లీ పిల్లా ఎక్కడున్నారు?"

"పరుపుమీద."

"దిగొద్దను. గోడ తాకొద్దను. నీళ్ళు ముట్టొద్దు. నువ్వు చెప్పులు వేసుకో, కింద ఎండు చెక్క వేసుకుని నిలబడి కప్పగూడు లాగెయ్. చేత్తో కాదు వదినా! కట్టెతో!"

వంటింటి గోడమీద ఫ్యూజులుండే పింగాణీ పెట్టెను మేము కప్పగూడు అంటాం. రోజూ చూసేదే. ఆ రోజు అది నిజంగానే నోరు తెరుచుకుని కూర్చున్న జీవంలా ఉంది. బట్టలుతికే బడితె పట్టుకుని, పీట మీద నిలబడి, దాని మీట కిందికి లాగాను. వెనక కొట్టులో పంపు మూలుగు ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, అది ఇన్నాళ్ళూ మూలుగుతూనే ఉందని. ఇల్లు చచ్చినట్టయింది.

"ఇక భయం లేదు," అన్నాడు పిల్సు వీధిలోంచి. "ఇలాగే ఉంచు వదినా. తాడు విప్పాక వచ్చి చూస్తాను."

"అప్పటికి పిల్ల ఎండుచేపలా బిగుసుకుపోతుంది! వాకిట్లో ఉమ్మితే కింద పడేలోపు గడ్డకడుతోంది, కళ్ళు కనపడటం లేదా?"

"పక్కింటికి..."

"పచ్చి బాలింతనీ పసిగుడ్డునీ ఈ గాలిలోకి తీసుకురమ్మంటావా? నీ బుర్ర కూడా జేబులోనే పెట్టుకున్నావా?"

పిల్సు దగ్గరికి, గోడదాకా వచ్చాడు. తాడున్న వాకిలివైపు మాత్రం రాలేదు. టోపీ తీసి, సంచిలోంచి ఏదో దాంట్లో చుట్టి గోడమీదుగా విసిరాడు. విప్పి చూస్తే గాజుపిడి స్క్రూడ్రైవర్.

"కరెంటు ఉన్నచోట మొన పెడితే గాజులో ఎర్రదీపం వెలుగుతుంది. నీ బొటనవేలు పైనున్న బిళ్ళమీద ఆనించాలి. లేకపోతే వెలగదు."

"నా వేలు పెడితేనే వెలుగుతుందా? అంటే నన్ను వత్తిగా వేసి చూస్తావా?"

"ఏమీ కాదు వదినా."

"ఏమీ కాకపోతే నీ గొంతెందుకు వణుకుతోంది?"

"నాది ఎప్పుడూ వణుకుతుంది," అన్నాడు. అది నిజమే.

మళ్ళీ కప్పగూడు మీట ఎత్తమన్నాడు. కరెంటు లేకుండా కరెంటు ఎక్కడ పోతోందో తెలియదట. ఎత్తే ముందు గదిలోకి వెళ్ళి, మ్యోంగోక్ చుట్టూ ఉన్న దుప్పట్లన్నీ కుప్పగా వేసి, దాన్ని ఆ కుప్పమీద కూర్చోబెట్టి, పిల్లను ఒడిలో పెట్టి, "ఎవరు పిలిచినా దిగకు. నేను అరిచినా దిగకు," అన్నాను.

"అమ్మా, నువ్వెందుకు అరుస్తావు?" అంది. దాని పెదవులు తెల్లబడ్డాయి.

మీట ఎత్తాను. పంపు మళ్ళీ మూలిగింది. మొదట ఆ దీపం బతికుందో లేదో చూడాలి అన్నాడు పిల్సు. రేడియో పెట్టుకునే సాకెట్లో మొన పెట్టి, బిళ్ళమీద వేలు వేశాను. గాజు లోపల చిన్న ఎర్రచుక్క లేచింది.

"వెలిగింది!"

"మంచిది. వెలిగితే భయపడాలి వదినా. వెలగకపోతే ఇంకా భయపడాలి, పట్టుకోవడం రాక వెలగలేదేమో అని. ఇప్పుడు వెనకకొట్టుకి వెళ్ళు. బాయిలర్ రేకుకి ఆనించు. మొన ఒక్కటే. నీ ఒళ్ళు దేనికీ తగలకూడదు. రెండో చెయ్యి..."

"జేబులో పెట్టుకోవాలి. నా గుడ్డలకు జేబుల్లేవు. నడుం వెనక పెట్టుకుంటాను."

నవ్వలేదు అతను.

కొట్టులో ఇరుకు. తల పైన తీగమీద పిల్ల గుడ్డలు ఆరేసి ఉన్నాయి, తడివి, ఆవిరి కక్కుతూ. వాటికింద వంగి, ఒక చెయ్యి వెనక పెట్టుకుని, బాయిలర్ కడుపుకి మొన ఆనించాను. ఎర్రచుక్క లేచింది. నా గుండె ఆ చుక్కలోనే కొట్టుకుంటున్నట్టు అనిపించింది. ఆ రేకుకి అతికిన గొట్టాలు గోడలోంచి నా కూతురి పరుపు కిందికి వెళ్తున్నాయి.

పెరటి మూలలో గోడ దగ్గరికి పరుగెత్తి, అవతలున్న పిల్సుకి చెప్పాను.

"పంపే అయ్యుంటుంది," అన్నాడు పిల్సు, ఊపిరి వదులుతూ. "లోపల చెమ్మ చేరి కరెంటు కారుతుంది. పంపు ప్లగ్ తీసి మళ్ళీ చూడు."

తీశాను. మూలుగు ఆగింది. మొన ఆనించాను. ఎర్రచుక్క.

"అయితే మంట రాజేసేది. రెండో ప్లగ్ కూడా తీసెయ్."

తీశాను. బాయిలర్‌కి గోడతో ఇక ఏ సంబంధమూ లేదు. రెండు ప్లగ్గులూ చచ్చిన పాముల్లా నేలమీద పడున్నాయి. మొన ఆనించాను.

ఎర్రచుక్క.

వేలు తీశాను, ఆరింది. పెట్టాను, వెలిగింది. ఏ తీగా లేని ఇనుము, బతికే ఉంది.

ఎలా వచ్చానో తెలియదు, గోడ దగ్గరికి వచ్చిపడ్డాను. చెబితే పిల్సు నమ్మలేదు. "రెండూ తీశావా? సాకెట్లోంచి పూర్తిగా? చూసి చెప్పు." "నేను గుడ్డిదాన్నా?" అన్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే మనిషి, ఇంకేమీ అడగలేదు.

"నేను చెప్పలేదూ?" అంది యోంగ్వోల్ ముసలమ్మ తన గోడ పక్కనుంచి, గుసగుసగా. ఆమె కూడా భయపడిపోయింది. "కరెంటు లేకుండా వెలిగే దీపం ఎక్కడిదే? అది నేల కన్ను."

"పిల్సూ," అన్నాను, "ఆమె మాట అబద్ధమని చెప్పు."

"చెప్పలేను వదినా," అన్నాడు. "నేనెప్పుడూ ఇలాంటిది వినలేదు."

లోపల పిల్ల ఏడుపు అందుకుంది. మ్యోంగోక్ జోల పాడుతోంది, గొంతు తడబడుతూ. నేను వెళ్ళి మీట దించేశాను. గదిలో పురుళ్ళు కాచే దేవత సంసిన్ అవ్వకు పెట్టిన అన్నం గిన్నె మీద అప్పటికే చలికి పొర కట్టింది. పిల్ల ముక్కు ముట్టుకుంటే మంచుగడ్డ. అప్పుడు లెక్క వేసుకున్నాను. మైల వస్తే వస్తుందేమో. చలి వచ్చేసింది. నేల కింద ఉన్నదేదో కాచుకుని ఉంది. ఈ మూడింట్లో మొదటిదాన్నే బతిమాలుకోవచ్చు.

గిన్నె ముందు కూర్చుని, మొక్కేటప్పుడు చేసినట్టు అరచేతులు రుద్దుకుంటూ సంసిన్ అవ్వతో చెప్పాను: "అవ్వా, శవం మోసిన మనిషిని నేనే లోపలికి పిలుస్తున్నాను. వాడు రానంటున్నాడు, తప్పు వాడిది కాదు. కోపం వస్తే నామీద చూపించు. నాకు అరవై దాటాయి, తట్టుకుంటాను. ఈ గుడ్డు మీద చూపించావంటే, చచ్చి నీ దగ్గరికొచ్చి నిన్ను వదలను."

బయటికి వచ్చి తాడు ఒక కొస ఎత్తి పట్టుకున్నాను. "దూరు."

"వదినా, పిల్లకేమన్నా అయితే..."

"రాకపోతే ఎలాగూ అవుతుంది. ఆ గుడ్డ చేతినుంచి తీసి వీధిలో పారెయ్. దూరు!"

యోంగ్వోల్ ముసలమ్మ పరుగున వెళ్ళి, మైల పోవాలని దోసెడు ఉప్పు తెచ్చి అతని తలమీద కొట్టింది. పిల్సు కళ్ళు గట్టిగా మూసుకుని తాడు కింద దూరాడు. ముందు వెళ్ళి కప్పగూడు చూశాడు. మీట దిగే ఉన్నా, కొట్టువైపు కరెంటు పంపే పళ్ళను వెనకచేత్తో ఒకసారి తాకి చూసుకున్నాడు. అప్పుడు వెనకకొట్టుకి నడిచాడు.

కొట్టు గుమ్మంలో నిలబడిపోయాడు. బాయిలర్ని చూడటం లేదు. పైకి చూస్తున్నాడు.

"ఈ గుడ్డలెవరు ఆరేశారు?"

"నేనే. ఇక్కడైతే వెచ్చగా ఆరతాయి."

"ఆ తీగ ఎవరు కట్టారు?"

చేతికి అందింది కదా అని గుడ్డలు వేశానే కానీ, దాన్ని అప్పుడే సరిగ్గా చూశాను. ఇనుపతీగ. ఒక కొస బాయిలర్ పొగగొట్టానికి చుట్టి ఉంది. రెండో కొస దూలానికి కొట్టిన మేకుకి. కొత్త మేకు, తల ఇంకా మెరుస్తోంది. దూలం పక్కనుంచే కప్పగూడు నుంచి కొట్టుకి వచ్చే కరెంటు తీగ పోతోంది. మేకు దాని రబ్బరు తోలులోంచి దిగింది.

"మ్యోంగోక్!" అని అరిచాను. "ఇక్కడ మేకు ఎవరు కొట్టారే?"

"ఆయనేనమ్మా! గుడ్డలు ఆరేసుకోవడానికి. నువ్వు ముసలమ్మతో పోట్లాడుతున్నావు అప్పుడు," అని వినిపించింది గోడ అవతలినుంచి.

పిల్సు అక్కడే చతికిలబడ్డాడు. ఊపిరి అందాక చెప్పాడు. తీగలోంచి మేకులోకి, మేకులోంచి ఇనుపతీగలోకి, అక్కణ్ణించి పొగగొట్టంలోకి, బాయిలర్లోకి, నేలకింది గొట్టాల్లోకి, కుళాయిలోకి. ప్లగ్గులతో దానికి పనే లేదు. తడి గుడ్డల బరువుకి, ఉడుకుకి మేకు కదిలి కాసేపు తోలులోపలి కరెంటు తీగకి ఆనుతుంది, కాసేపు తొలుగుతుంది. అందుకే కాసేపు కుట్టడం, కాసేపు ఊరుకోవడం. బాయిలర్‌కి భూమిలో పాతిన తీగ తను వేశాడు, అది ఉంది. కానీ నేల రాయిలా గడ్డకట్టింది. గడ్డకట్టిన నేల కరెంటు తాగదు. "ఇది నాకు తట్టాల్సింది వదినా. ఇంట్లో ఏమన్నా కదిపారా అని నేను ఎప్పుడూ అడిగేవాణ్ణి. ఇవాళ తాడు చూసి బెదిరి అడగలేదు."

"మేకు," అంది గోడ మీదనుంచి యోంగ్వోల్ ముసలమ్మ. "పురిటింట్లో మేకు! నేను అడగలేదూ? దోంగ్టి అనలేదూ?"

"అన్నావు అత్తా," అన్నాడు పిల్సు. "నువ్వన్నదే నిజం."

ఆమె ఇప్పటికీ ఆ మాట మెడలో దండలా వేసుకుని తిరుగుతోంది. నేను ఎదురు చెప్పలేకపోయిన రోజు అదొక్కటే కాబట్టి తిరగనిస్తున్నాను.

మేకు పీకాడు. తెగిన తోలు ఉన్నంతమేరా తీగ కోసేసి, కొత్త ముక్క కలిపి, పట్టీ చుట్టి, దానిమీద ఇంకో పట్టీ చుట్టాడు. ఇనుపతీగ పొగగొట్టం నుంచి విప్పి పెరట్లోకి విసిరాడు. ప్లగ్గులు పెట్టాడు. నన్ను మీట ఎత్తమన్నాడు. గాజుపిడి మొన బాయిలర్‌కి ఆనించాడు. వెలగలేదు. సాకెట్లో పెట్టాడు, వెలిగింది. మళ్ళీ బాయిలర్‌కి, వెలగలేదు. పొగగొట్టానికి, పంపుకి, గొట్టాలకి, కుళాయికి. తిరిగి తిరిగి మళ్ళీ బాయిలర్‌కి.

"ఇంకెన్నిసార్లు? అది చచ్చింది."

"చచ్చిందనుకున్నదే చంపుతుంది వదినా."

ఆఖరికి వంటింటి తడి సిమెంటు మీద బూట్లు, మేజోళ్ళు విప్పి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదవులు ఏదో అంటున్నాయి. గనిలో పోయిన మన్బోక్‌తోనని నాకు తెలుసు, అడగలేదు. కుళాయిని వెనకచేత్తో తాకాడు. తీసి చేతిని చూసుకున్నాడు. మళ్ళీ తాకాడు, ఈసారి చెయ్యి అక్కడే ఉంచాడు. ఉంచి ఏడ్చాడు. మగవాడు ఏడుస్తుంటే చూడకూడదని నేను పులుసు గిన్నె సర్దాను.

ఒక్క క్షణం కూడా నిలవలేదు తర్వాత. మైల ఇంట్లో ఉంచకూడదని సంచి తీసుకుని తాడు కింద దూరి వీధిలోకి పోయాడు. పోయి, ఇంటికి వెళ్ళలేదు. గోడ అవతలే నిలబడ్డాడు, చలిలో, టోపీ లేకుండా. టోపీ నా దగ్గరే ఉండిపోయింది.

పంపు తిరుగుతోంది. నేలలో వేడి మొదలవుతున్న చప్పుడు, గొట్టాలు సాగుతున్న టకటకలు. అంతకుముందు ఆ చప్పుడు నాకు హాయిగా ఉండేది. మ్యోంగోక్ దుప్పటి కుప్పమీదనుంచి, పిల్లను గుండెకు అదుముకుని చూస్తోంది.

"అమ్మా, దింపనా? నా చేతులు పడిపోతున్నాయి."

"ఆగు."

మేజోళ్ళు విప్పాను. రవిక చేతులు పైకి మడిచాను. కుండలో నీళ్ళు తీసుకుని కాళ్ళూ చేతులూ తడుపుకున్నాను. నా మొగుడు పడుకున్న చోట, గదిలో అన్నిటికంటే వెచ్చగా ఉండే మూల, వెల్లకిలా పడుకున్నాను. అరచేతులు, మడమలు, మెడ, అన్నీ నేలకు ఆనించాను. కాగితం ఇంకా చల్లగానే ఉంది. కళ్ళు తెరిచే ఉంచాను. చీమలకోసం ఎదురుచూశాను.

"అమ్మా?"

"మాట్లాడకు."

రాలేదు. మడమల కింద మెల్లగా వెచ్చదనం వచ్చింది. మొదట దాన్ని కూడా నమ్మలేదు. గట్టిగా నొక్కి చూశాను. వెచ్చదనమే.

వీధిలోంచి పిల్సు గొంతు: "వదినా! బతికే ఉన్నావా?"

"ఇంకా నీ గోల వినే రాత ఉంది, ఉన్నాను!" అని పడుకునే అరిచాను. లేచి కూర్చుని చేతులు చాచాను. "ఇటివ్వు పిల్లని."